మెడలో గడ్డ సంగతి తర్వాత, ముందు మీవారి బరువు సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 41. మాది మిర్యాలగూడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. సంక్రాంతి ముందు ఇంటిల్లిపాదికీ జలుబు, జ్వరం వచ్చాయి. అందరికీ తగ్గిపోయింది. నాకు మాత్రం మూడు వారాల తర్వాత మెడ ముందువైపు నొప్పి మొదలైంది. చెవిలోకి లాగేది, గుటక వేస్తే ప్రాణం పోయినట్టుండేది. గొంతు ఇన్ఫెక్షన్ అని రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు, తగ్గలేదు. గుండెదడ, చేతుల వణుకు, రాత్రిళ్లు నిద్ర లేదు. పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 0.02 వచ్చింది. థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ రాశారు. మూడు నెలల తర్వాత చూస్తే టీఎస్‌హెచ్ 19! ఇప్పుడు తక్కువైందంటున్నారు. ల్యాబు వాళ్లు తప్పు చేశారా? స్కానింగ్‌లో 8 మిల్లీమీటర్ల గడ్డ, టైరాడ్స్ 3 అని ఉంది. మా ఆడపడుచు ‘థైరాయిడ్ గడ్డలే క్యాన్సర్లవుతాయి, తీయించేసుకో’ అంటోంది. మా పిన్ని గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. వైరస్‌ల వల్ల కూడా క్యాన్సర్ వస్తుందని ఎక్కడో విన్నాను. ఆ వైరస్ ఇంకా నా ఒంట్లో ఉందా? మా పాపకి 12 ఏళ్లు, దానికి అంటుతుందా? జుట్టు ఊడిపోతోందని బయోటిన్ వాడుతున్నాను. ఇది చాలదన్నట్టు మావారికి (54 ఏళ్లు, రైసుమిల్లులో గుమాస్తా) రెండు నెలల క్రితం షుగర్ బయటపడింది. వాళ్ల వైపు ఎవరికీ లేదు. మొదట్నుంచీ సన్నటి మనిషే, నాలుగు నెలల్లో 9 కిలోలు తగ్గారు. మాత్రలు వేసుకుంటున్నా షుగర్ దిగట్లేదు. నా మీద దిగులుతోనే ఆయనకు షుగర్ వచ్చిందని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉత్తరమంతా మీ మెడ గురించే, చివర్న నాలుగు ముక్కలు మీవారి గురించి. నేను ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయాను. అందుకని జవాబు చివర్నుంచి మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

54 ఏళ్ల మనిషికి షుగర్ రావడం మన దగ్గర వింతేమీ కాదు. కానీ మామూలు టైప్ 2 షుగర్ వచ్చే తీరు వేరు. ముందు పొట్ట వస్తుంది, బరువు పెరుగుతుంది. ఇంట్లో అమ్మకో అన్నకో ఉంటుంది. ‘బోర్డర్‌లో ఉంది’ అనిపించుకుంటూ కొన్నేళ్లు గడిచాక గీత దాటుతుంది. మీవారి విషయంలో వీటిలో ఒక్కటీ లేదు. సన్నటి మనిషి, వంశంలో లేదు, ఉన్నట్టుండి వచ్చింది, తొమ్మిది కిలోలు ఊడ్చుకుపోయాయి, మాత్రలకి లొంగట్లేదు. 50 దాటాక షుగర్ ఇలా వస్తే పాంక్రియాస్ వైపు, అంటే క్లోమం వైపు, ఒకసారి చూడాలి. షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్ తయారయ్యేది అక్కడే. ఆ గ్రంథిలో క్యాన్సర్ మొదలైతే, అది స్కానింగ్‌లో కంటికి ఆనక ముందే ఒక్కోసారి షుగర్ పెరుగుతుంది, బరువు తగ్గుతుంది.

ఇది చదివి గుండె జారవిడుచుకోకండి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో, 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లని లెక్కగట్టి చూశారు. మూడేళ్లలోపు పాంక్రియాస్ క్యాన్సర్ బయటపడింది వందలో ఒక్కరికంటే తక్కువమందికే. బరువు తగ్గుతూ షుగర్ గబగబా పెరిగేవాళ్లని విడదీసి చూస్తే ఆ లెక్క పెరుగుతుంది, అయినా ఎక్కువమందికి అది కాదనే తేలుతుంది. షుగర్ బాగా ఎక్కువగా ఉంటే, ఒంటికి పట్టాల్సిన గ్లూకోజ్ మూత్రంలో పోయి, దాని వల్లే మనిషి చిక్కిపోతాడు. టీబీ ఉండొచ్చు. ఆయనకే థైరాయిడ్ ఎక్కువై ఉండొచ్చు. పెద్ద వయసులో నెమ్మదిగా వచ్చే టైప్ 1 షుగర్ ఒకటుంది, దానికి మాత్రలు చాలవు, ఇన్సులినే కావాలి. వీటిలో ఏదైనా సరే, ఇంట్లో కూర్చుని ఊహిస్తే తెలిసేది కాదు. కాబట్టి ఈ వారంలోనే మంచి ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ‘షుగర్ దిగట్లేదు’ అని మాత్రమే చెప్తే ఇంకో మాత్ర కలిపి పంపిస్తారు. ‘నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు’ అనే మాట ముందు చెప్పండి.

కడుపు అల్ట్రాసౌండ్ చేయించి ‘అంతా బాగుంది’ అంటే దాంతో సరిపెట్టుకోవద్దు. పాంక్రియాస్ కడుపు వెనకాల, పేగుల్లో గ్యాస్ చాటున ఉంటుంది. అల్ట్రాసౌండ్‌కి చాలాసార్లు పూర్తిగా కనపడదు. కాంట్రాస్ట్ (రంగు మందు) ఇచ్చి తీసే సీటీ స్కాన్ అవసరమా అని సూటిగా అడగండి. దానికి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. ఆయన షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పాలి. సీఏ 19-9 అనే రక్తపరీక్ష ఒక్కటీ చేయించుకుని అదే తీర్పు అనుకోకండి. కామెర్లున్నా అది పెరుగుతుంది, క్యాన్సర్ ఉన్నా కొందరిలో పెరగదు.

ఇంకొకటి. అన్నం తిన్నాక పైకడుపులో నొప్పి వచ్చి వీపులోకి పాకడం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోనూ మలం సున్నం కలిసినట్టు తెల్లగానూ రావడం, ఒళ్లంతా దురద... వీటిలో ఏది కనపడినా అప్పాయింట్‌మెంట్ కోసం ఆగకండి. కామెర్లు అనగానే మనవాళ్లు పసరు పోయించడానికి బయల్దేరతారు. మూడు వారాలు పసరు తాగి, నాలుగో వారం స్కానింగ్‌కి వచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆ మూడు వారాలు మళ్లీ రావు. హైదరాబాద్ రావాల్సి వస్తే నిమ్స్‌లో, ఉస్మానియాలో ఈ జబ్బులు చూసే విభాగాలున్నాయి.

ఆ రక్తపరీక్షల్లోనే హెపటైటిస్ సి కూడా కలపమనండి. మీరు అడిగిన వైరస్, క్యాన్సర్, హార్మోన్ల ముడి నిజంగా ఒకేచోట కనపడేది ఈ వైరస్‌లోనే. ఇది కాలేయంలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా కూర్చుంటుంది. ఇన్సులిన్ పనిని చెడగొట్టి షుగర్ తెస్తుంది, కొందరిలో థైరాయిడ్ మీద యాంటీబాడీలు పుట్టిస్తుంది, చివరికి కాలేయ క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలదు. మన బ్లడ్‌బ్యాంకుల్లో దీని పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకుముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఒక్కసారైనా చూపించుకోవాలి. ఉందని తేలినా కంగారు లేదు, చాలామందికి మూడు నెలల మాత్రలతో పోతుంది.

ఇక మీ అత్తగారి మాట. దిగులు వల్ల ఉన్న షుగర్ కాస్త అటూ ఇటూ కావొచ్చు. మీ మెడనొప్పి మీద బెంగతో ఆయన తొమ్మిది కిలోలు తగ్గారనడం మాత్రం కుదరదు. ఆ మాట మీరు భుజాన వేసుకోవద్దు. ముఖ్యంగా, దిగులే కారణమని సర్దుకుని పరీక్షలు వాయిదా వెయ్యొద్దు.

ఇప్పుడు మీ సంగతి.

మీరు చెప్పినవన్నీ పేర్చి చూస్తే మీకు వచ్చింది సబ్అక్యూట్ థైరాయిడైటిస్, అంటే థైరాయిడ్ గ్రంథి వాపు, లాగా ఉంది. 1904లో స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనూ పిలుస్తారు. జలుబో ఫ్లూనో తగ్గిన రెండు నుంచి ఆరు వారాలకి మెడలో నొప్పి మొదలవుతుంది. దవడకీ చెవికీ పాకుతుంది. ఒక పక్క తగ్గి రెండో పక్కకి మారడం కూడా ఉంటుంది. చాలామంది మొదట పంటి డాక్టరు దగ్గరికో, చెవి డాక్టరు దగ్గరికో వెళ్తారు. యాంటీబయాటిక్స్ దీనికి పనిచేయవు, మీ ఒంట్లో అప్పుడున్నది బ్యాక్టీరియా కాదు కాబట్టి. ఆ సమయంలో ఈఎస్ఆర్ అనే, ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష చేసి ఉంటే బాగా పెరిగి కనపడేది. పాత రిపోర్టుల్లో ఉందేమో వెతకండి.

0.02 నుంచి 19కి ఎలా వెళ్లిందన్నది మీ పెద్ద అనుమానం. ల్యాబు తప్పేమీ లేదు. మీవారు మిల్లులో పనిచేస్తారు కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను. థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ని ఎప్పటికప్పుడు తయారుచేసి పంపేసే రకం కాదు. రెండు మూడు నెలలకి సరిపడా గోదాములో నిల్వ పెట్టుకుని, రోజుకి కొంచెం కొలిచి బయటికి వదులుతుంది. వైరల్ జ్వరం తర్వాత వచ్చిన వాపులో ఆ గోదాము గోడ కూలింది. నిల్వ ఉన్నదంతా ఒక్కసారిగా రక్తంలో పడింది. అప్పుడే మీకు దడ, వణుకు, నిద్రలేమి. రక్తంలో హార్మోన్ అంత ఉంటే పైనుంచి మెదడు ‘ఇక చాలు’ అని ఆర్డర్లు ఆపేస్తుంది. ఆ ఆర్డరే టీఎస్‌హెచ్, అందుకే 0.02. కొన్ని వారాలకి పడ్డ సరుకు అయిపోయింది, గోదాము ఖాళీ, గోడ ఇంకా కడుతున్నారు. ఇప్పుడు మెదడు ‘సరుకేదీ’ అని పదేపదే కబురు పెడుతోంది. ఆ కబురు 19.

అందుకే ఈ జబ్బులో కార్బిమజోల్‌తో పని లేదు. అది కొత్తగా తయారవడాన్ని ఆపే మందు. గోడ కూలి కారిపోయినదాన్ని అది ఏం చేస్తుంది? పైగా గోదాము ఖాళీ అయ్యే వేళకి తయారీ కూడా ఆపినట్టయింది. 19లో దాని వాటా కూడా ఉండొచ్చు. అప్పట్లో కావలసింది నొప్పికీ వాపుకీ మందు, దడకి ప్రొప్రనలాల్ లాంటి మాత్ర, అంతే. ఏ రకం థైరాయిడ్ ఎక్కువో తేల్చుకోకుండా మందు రాయడం మన దగ్గర తరచూ జరిగేదే. అనుమానం ఉంటే టెక్నీషియం స్కాన్ ఒకటుంది. గ్రంథి నిజంగా ఎక్కువ పనిచేస్తుంటే అందులో వెలుగుతుంది, ఇలా కారిపోతుంటే మసగ్గా ఉంటుంది. మీరు ఆ మాత్ర ఇంకా వేసుకుంటున్నారో లేదో రాయలేదు. వేసుకుంటుంటే ఈరోజే డాక్టరుకి ఫోన్ చేసి, 19 వచ్చిందని చెప్పి, ఆపాలేమో అడగండి. ఆ మాత్ర మీద ఉండగా జ్వరంతో గొంతునొప్పి వస్తే వెంటనే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. ఈ ముక్క మందు రాసినవాళ్లే చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు టీఎస్‌హెచ్ ఒక్కటే కాకుండా ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్), యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద పుట్టే యాంటీబాడీలు) కూడా చూపించండి. డాక్టరు థైరాక్సిన్ అనే హార్మోన్ మాత్ర మొదలుపెట్టొచ్చు. మొదలుపెడితే జీవితాంతం అని ఎవరన్నా అంటే, మీ విషయంలో అది తేలని మాట అని చెప్పండి. గోడ కట్టుకున్నాక చాలామందికి ఏడాదిలోపు గ్రంథి మామూలైపోతుంది. వందలో అయిదు నుంచి పదిహేను మందికి మాత్రం మాత్ర ఎప్పటికీ కావాలి. యాంటీ టీపీఓ బాగా ఎక్కువగా ఉంటే ఆ గుంపులో పడే అవకాశం ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పరీక్ష చేసుకుంటూ, ఏడాది దగ్గరపడ్డాక డోసు తగ్గించి చూద్దామా అని మీరే గుర్తుచేయండి. మాత్ర వేసుకుంటే పొద్దున్నే పరగడుపున, టీ తాగకముందు. ఐరన్, క్యాల్షియం మాత్రలకి నాలుగు గంటలు ఎడం.

బయోటిన్ మానేయండి. జుట్టు ఊడటం థైరాయిడ్ వల్ల అయితే థైరాయిడ్ కుదుటపడితేనే ఆగుతుంది. పైగా బయోటిన్ కొన్ని ల్యాబు యంత్రాల్ని తికమక పెట్టి, లేని జబ్బుని రిపోర్టులో చూపిస్తుంది. కనీసం రెండు రోజులు ఆపాకే రక్తం ఇవ్వండి.

నొప్పి మళ్లీ తిరగబెడితే డాక్టరు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాయొచ్చు, బాగా పనిచేస్తుంది. ఆ స్ట్రిప్పు మాత్రం మీవారి చేతికి అందనివ్వకండి. ఒళ్లునొప్పులకి ఇంట్లో ఉన్న మాత్ర వేసుకోవడం మనకి అలవాటు. అదుపు లేని షుగర్ మీద స్టెరాయిడ్ పడితే ఏమవుతుందో 2021లో కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో చేరినవాళ్లని చూసి అందరం నేర్చుకున్నాం.

సంక్రాంతి ముందు వచ్చిన ఆ జలుబు వైరస్ ఇప్పుడు మీ ఒంట్లో లేదు. జ్వరం తగ్గినప్పుడే అది వెళ్లిపోయింది. దాన్ని తరిమిన రోగనిరోధక శక్తి చేసిన హడావుడిలో గ్రంథికి దెబ్బ తగిలింది. గవదబిళ్లల వైరస్, కాక్సాకీ, అడినో, ఫ్లూ ఇవన్నీ ఇలా చేయగలవు. కొవిడ్ తర్వాత కూడా వస్తుందని 2020లో ఇటలీలోని పీసా డాక్టర్లు మొదట రాశారు, ఆ రోగికి 18 ఏళ్లు. ఇంట్లో అందరికీ జ్వరం వచ్చి మీ ఒక్కరికే ఎందుకంటే, పుట్టుకతో వచ్చిన ఒక రకం జన్యువు, హెచ్ఎల్ఏ-బి35, ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. మగవాళ్లకంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. పాపకి మీనుంచి అంటుకునేదేమీ లేదు.

ఇక గడ్డ. మీ ఆడపడుచుకి ఈ పేరా చదివి వినిపించండి.

థైరాయిడ్‌లో గడ్డ ఉండటం నెరిసిన వెంట్రుక ఉండటం లాంటిది. అల్ట్రాసౌండ్ పెట్టి వెతికితే పెద్దవాళ్లలో సగం మందికి దగ్గర దగ్గరగా కనపడతాయి. వందలో 90కి పైగా మామూలు గడ్డలే. టైరాడ్స్ అన్నది ఆ గడ్డ చూపుకి ఎంత అనుమానంగా ఉందో చెప్పే అంకె, 1 నుంచి 5 వరకు. ఎక్కువగా వాడే అమెరికా రేడియాలజిస్టుల లెక్క ప్రకారం 3 అంటే అనుమానం తక్కువ. అలాంటి గడ్డకి సూది పరీక్ష చేసేది 25 మిల్లీమీటర్లు దాటితే. ఊరికే గమనిస్తూ ఉండటానికైనా 15 ఉండాలి. మీది 8. మీకైతే ఇంకో సంగతి కూడా ఉంది: వాపు ఉన్న రోజుల్లో గ్రంథిలో నల్లగా కనపడే మచ్చలు అచ్చం గడ్డల్లాగే ఉంటాయి. వాపు పోయాక మచ్చా పోతుంది. అందుకని ఆరేడు నెలల తర్వాత ఇంకొక్క అల్ట్రాసౌండ్ చేయించండి. అప్పటికి అది అక్కడ లేకపోయినా నేను ఆశ్చర్యపోను.

‘ఎందుకొచ్చిన గొడవ, తీయించేస్తే పోలా’ అన్న మాటకి దక్షిణ కొరియా ఖరీదైన జవాబు చెప్పింది. 1999లో ఆ దేశం పెద్ద ఎత్తున క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ ఆసుపత్రులు కొద్దిపాటి డబ్బుకి మెడ స్కానింగ్ కూడా కలిపి చేశాయి. 2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993 నాటికంటే 15 రెట్లయ్యాయి. చచ్చిపోయేవాళ్ల సంఖ్య మాత్రం పెరగనూ లేదు, తగ్గనూ లేదు. అంటే వెతికి పట్టుకున్న వాటిలో అత్యధికం మనిషిని ఏమీ చేయకుండా ఉండిపోయేవే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి మాత్రం జీవితాంతం మాత్ర, కొందరికి గొంతు బొంగురు, కొందరికి క్యాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు. జపాన్‌లో కోబే నగరం కూమా ఆసుపత్రి వాళ్లు 1993 నుంచే వేరే దారి పట్టారు. సెంటీమీటరు దాటని చిన్న పాపిలరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అని నిర్ధారణ అయినా, కత్తి పట్టకుండా స్కానింగ్‌తో కనిపెట్టుకుని ఉన్నారు. పదేళ్లలో ఆ గడ్డ 3 మిల్లీమీటర్లు పెరిగింది వందలో ఎనిమిది మందికే. క్యాన్సరని తేలినవాళ్లకే అలా ఉంటే, టైరాడ్స్ 3 గడ్డ ఉన్న మీకు ఆపరేషన్ మాట ఎందుకు?

గడ్డ వారాల్లో పెరిగిపోతున్నా, రాయిలా గట్టిగా తగిలినా, గొంతు బొంగురుపోయి నెలైనా తగ్గకపోయినా, మెడ పక్కన బిళ్లలు కట్టినా, చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చి ఉన్నా, రక్తసంబంధీకుల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా అప్పుడు లెక్క మారుతుంది. మీరు ఇవేవీ రాయలేదు.

పిన్నిగారి సంగతి అడిగి తెలుసుకోండి. మనం ‘గర్భసంచి క్యాన్సర్’ అని ఒకే పేరుతో పిలిచేవి రెండు వేర్వేరు జబ్బులు. ముఖద్వారంలో వచ్చేది ఒకటి, లోపలి పొరలో వచ్చేది ఇంకొకటి. ముఖద్వారం క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే. లోపలి పొర క్యాన్సర్‌కి వైరస్‌తో పని లేదు, అది హార్మోన్ల గొడవ. ఊబకాయం, షుగర్, పీసీఓడీ ఉండి నెలల తరబడి బహిష్టు రానివాళ్లలో ఈస్ట్రోజెన్ ఆ పొరని మందంగా పెంచుతూ పోతుంది, అది రాలిపోవడం ఉండదు, అక్కడే ముప్పు. ‘నెలనెలా గోల తప్పింది’ అని సంబరపడే అమ్మాయిలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. పిన్నిగారిది ఏ రకమో పాత కాగితాల్లో ఉంటుంది. అయితే రెండింటిలో ఏదైనా మీ మెడలో గడ్డకి దాంతో చుట్టరికం లేదు.

వైరస్‌తో క్యాన్సర్ వస్తుందన్నది నిజమే. కానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే: హెచ్‌పీవీ, హెపటైటిస్ బి, సి, ఎబ్‌స్టీన్ బార్, ఇంకొకటో రెండో. సంక్రాంతికి మీ ఇంటికొచ్చిన జలుబు వాటిలో లేదు. మీ పాపకి 12 ఏళ్లంటున్నారు కాబట్టి హెచ్‌పీవీ టీకాకి ఇదే సరైన వయసు. 15 నిండకముందు వేయిస్తే తక్కువ డోసులతో సరిపోతుంది. మీరూ ఇప్పటిదాకా చేయించుకోకపోతే ముఖద్వారం పరీక్ష, పాప్ స్మియర్ కానీ హెచ్‌పీవీ కానీ, ఈ ఏడాది ఒకటి చేయించుకోండి. క్యాబేజీ తినొచ్చా అని అడగలేదు, అయినా థైరాయిడ్ ఉంటే అది తినకూడదని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఉడికించి శుభ్రంగా తినండి.

వరస మాత్రం ఇలా పెట్టుకోండి. మొదట మీవారి ఫిజీషియన్ అప్పాయింట్‌మెంట్, అదే రోజు వీలుంటే మీ ఫ్రీ టీ4. మీ స్కానింగ్ ఆరేడు నెలల తర్వాత. ఆయన్ని ఈలోపు వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకి, మిల్లులో బస్తాలు తూచే కాటా మీద నిలబడమనండి. వంద గ్రాముల తేడా కూడా చూపించే కాటాలు అక్కడ ఉంటాయి. ఆ అంకెలు క్యాలెండర్ మీద రాసి డాక్టరు దగ్గరికి క్యాలెండర్‌తోనే వెళ్లండి. సీటీ రిపోర్టు వచ్చాక నాకు రాయండి.